ప్రేక్షకుని తీర్పు

పరుల చేతిలో పని చెడిపోయిన పిమ్మట అది యెట్లు చేయవలసియుండెనో చెప్పుట యెల్లవారికిని సులభమే. పులుసులో ఉప్పెక్కువయిన దినమున ఇంటిల్లిపాదియు పాకశాస్త్ర ప్రవీణులే. వ్యాజ్యమోడిన పిమ్మట ఊరిలోని ప్రతివాడును వకీలే. ఈ విద్యకు నీతివిచారమున నేమైన స్థానము కలదా, లేక ఇది కేవలము నోటి తీటయేనా యని నేను చాలకాలము యోచించితిని. ఆ ప్రశ్నను నా యెదుట సూటిగా నిలిపినది మన యూరి రచ్చబండ కాదు. కెనడా దేశములో ఒక చలిరాత్రి నేను చూచిన బంతియాట, అంతకంటె నెక్కువగా ఆ యాట చూచినవారి తగవు.

2024వ సంవత్సరపు శరత్కాలమున నేను విన్నిపెగ్ నగరమున మా అమ్మాయి యింట నుంటిని. ఆ నగరపు చలిని వర్ణింపబూనను. వర్ణించినను మన బెజవాడవారు నమ్మరు. నవంబరు 17వ తేది, ఆదివారము సాయంకాలము పొరుగింటివారు మమ్మందరను ఆట చూచుటకు పిలిచిరి. ఆ యింటి యజమాని రైల్వేలో పనిచేసి విశ్రాంతి గైకొనిన వృద్ధుడు. ఆయన భార్య చిరకాలము ఆసుపత్రిలో నర్సుగా నుండినది. ఆయన తమ్ముడును, మరి నలుగురైదుగురు మిత్రులును వచ్చియుండిరి. ఆట జరుగుచున్నది వ్యాంకూవరులో. మేము చూచుచున్నది టెలివిజనులో. అయినను ఆ గదిలోనివారు ఆటగాండ్రకు వినబడునేమో యన్నంత గట్టిగా సలహాలు చెప్పుచుండిరి. మా అల్లుడు నా చెవిలో "మామగారూ, వీరందరును తక్కిన విషయములలో మిక్కిలి శాంతస్వభావులు" అని చెప్పెను.

ఈ యాటను గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. కెనడా ఫుట్‌బాల్ మన పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. ఇందు బంతి కోలగా నుండును. దానిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చును, విసరవచ్చును, తన్నవచ్చును. ఒక్కొక్క జట్టునకు పండ్రెండుగురు. బంతి చేజిక్కిన జట్టు మూడు అవకాశములలో పది గజములు ముందునకు సాగవలెను. సాగినచో మరల మూడు అవకాశములు లభించును, సాగనిచో బంతి ఎదుటివారి పాలగును. పొరుగున నున్న అమెరికా యాటలో అవకాశములు నాలుగు. ఆ యొక్క అవకాశము తగ్గుటచే కెనడా యాటలో ప్రతి నిర్ణయమును బరువెక్కినది. ప్రతి యెత్తునకును మొదట బంతినందుకొని, దానిని తాను విసరుటయో, పరుగెత్తువానికిచ్చుటయో రెండు మూడు క్షణములలో తేల్చువానిని క్వార్టర్ బ్యాకు అందురు. జట్టునకతడు కన్నులవంటివాడు. ఆ స్థానమున ఎవనిని నిలుపవలెను, ఎప్పుడు తొలగింపవలెను, మూడవ యవకాశమున సాహసింపవలెనా లేక బంతిని దూరముగా తన్నివేయవలెనా యని నిశ్చయించువాడు మైదానపుటంచున నిలుచుండు శిక్షకుడు. ఈ విషయములే అక్కడి అభిమానులకు ఏడాది పొడుగునను తరుగని తగవు.

ఆనాటి పోటీ గ్రే కప్పునకు. విన్నిపెగ్ బ్లూ బాంబర్సు ఒక ప్రక్క, టొరాంటో ఆర్గోనాట్సు ఒక ప్రక్క. ఆట నాలుగు పాదములు. అందు మూడవ పాదమున విన్నిపెగ్ క్వార్టర్ బ్యాకు జాక్ కొలారోసుకు బంతి విసరు చేతి చూపుడు వ్రేలు తెగినది. అతని తరువాతివాడుగా నుండవలసిన క్రిస్ స్ట్రెవలర్ అంతకు ముందే గాయపడి ఆ సంవత్సరమునకు ఆట మానియుండెను. కావున టెరీ విల్సన్ అను అనుభవము చాలని యువకుడు మైదానమునకు వచ్చెను. కొంతసేపటికి కొలారోస్ వ్రేలికి చికిత్స పొంది తిరిగి రాగా, శిక్షకుడు మైక్ ఓషే అతనినే మరల నిలిపెను. ఆనాడు కొలారోస్ విసరిన బంతులలో మొత్తము నాలుగింటిని ప్రత్యర్థులు నడుమ నందుకొనిరి. 41–24తో టొరాంటో గెలిచినది.

గదిలో తగవు చెలరేగినది. "తెగిన వ్రేలితో బంతి విసరుమనుట మూర్ఖత్వము కాదా?" అని వృద్ధుడు. "రెండు కప్పులు తెచ్చినవానిని కూర్చుండబెట్టి, ఏమియు నెరుగని కుర్రవానితో ఓడియున్నచో నీవే ఓషేను శపించియుందువు" అని తమ్ముడు. ఒకడు ఓషేను పంపివేయవలెననెను. ఇంకొకడు కొలారోస్ పని ముగిసినదనెను. అరగంట గడచిన పిమ్మట ఇంటి యిల్లాలు కాఫీ తెచ్చి, "ఆ వ్రేలిని గూర్చి డాక్టరు ఆ సమయమున ఓషేతో ఏమి చెప్పెనో మీలో నెవరికైన తెలియునా?" అని యడిగినది. ఎవరును మాటాడలేదు. క్షణము తరువాత మరల తగవు మొదటినుండి మొదలయ్యెను.

చదువుకొన్న మనవారు కొందరు ఇట్టి తగవులను చూచి నవ్వుదురు. బంతి ఎవడు విసరిన నేమి, దేశమునకు వచ్చిన నష్టమేమి యని వారి భావము. నేనట్లనుకొనను. విన్నిపెగ్ జట్టునకు యజమాని యనదగిన ధనికుడొకడు లేడు. అది ఆ నగరప్రజల సమష్టి సంస్థ. పశ్చిమమున నున్న సస్కాచవాన్ రఫ్‌రైడర్సు జట్టును అట్టిదే. ఎడ్మంటన్ జట్టు సయితము 2024లో ఒక వ్యక్తికి అమ్మబడువరకు ప్రజలదిగనే యుండెను. తమ సొమ్ముతో, తమ యూరి పేర నడచు సంస్థలో జీతము తీసికొని నిర్ణయములు చేయువానిని ప్రశ్నించుట, పన్ను చెల్లించువాడు పురపాలక సంఘమును ప్రశ్నించుట వంటిదే. అధికారి నిర్ణయించును, ప్రజలు కారణమడుగుదురు: ఈ యలవాటు ఆటస్థలమున నేర్చినను మంచిదే. ప్రశ్నించు హక్కు ఉన్నదా యనుట నా సందేహము కాదు. ఆ హక్కును ఏ కొలతతో ఉపయోగింపవలెననుటయే విచారింపవలసినది.

ఆ రాత్రి గెలిచిన పక్షమువైపు చూడుడు. టొరాంటో జట్టునకు నిజమైన క్వార్టర్ బ్యాకు చాడ్ కెల్లీ. అతడు తూర్పు విభాగపు తుదిపోటీలో కాలు విరిగి పడిపోయెను. వారము దినములలో కప్పు పోటీ. అతని బదులు నిలిచినవాడు నిక్ ఆర్బకుల్. ఆనాటి యుత్తమ క్రీడాకారుడుగా ఎన్నికయైనవాడు నతడే. ఆర్బకులును నిలిపిన శిక్షకుడు ర్యాన్ డిన్విడీ. ఈ పేరు వినగానే విన్నిపెగ్గు వృద్ధులు పండ్లు కొరుకుదురు. ఏలయన, 2007వ సంవత్సరమున విన్నిపెగ్ క్వార్టర్ బ్యాకు కెవిన్ గ్లెన్ తూర్పు విభాగపు తుదిపోటీలోనే చేయి విరిగి పడిపోగా, వారము దినములలో గ్రే కప్పునకు అతని బదులు నిలిపినది ఈ డిన్విడీనే. అంతకు ముందు అతడు ఆ లీగులో ఒక్క యాటయైన మొదటినుండి ఆడినవాడు కాడు. సస్కాచవాన్ జట్టులోని జేమ్స్ జాన్సన్ అను నతడొక్కడే అతని బంతులు మూడింటిని నడుమ నందుకొనెను. 23–19తో విన్నిపెగ్ ఓడినది. నాటినుండి ఆ నగరమున డిన్విడీ పేరు అపజయమునకు మారుపేరయ్యెను. ఆ డిన్విడీయే శిక్షకుడై, 2022లో నొకసారి, 2024లో నొకసారి అదే విన్నిపెగ్ జట్టు నోడించి కప్పు గొనిపోయెను.

ఒకే సంకటము, ఒకే విధమైన నిర్ణయము. ఉన్నవానితో సరిపుచ్చుకొనవలసివచ్చిన శిక్షకులిద్దరు. ఒకరి నిర్ణయమును లోకము తప్పనినది, మరియొకరి నిర్ణయమును వివేకమనినది. నిర్ణయించిన క్షణమున వారి చేతిలో నున్నవేమి? రెండవ క్వార్టర్ బ్యాకు, ఏడు దినముల సాధన, ఎదుటివారి బలాబలములను గూర్చిన కొంత యెరుక. బంతి గాలిలో నుండగా ఎవడో యొకడు అరయడుగు ఇటు జరుగుటయు అటు జరుగుటయు వారి చేతిలోనిది కాదు. అయినను మన మెచ్చుకోలును, మన తెగడికయు ఆ యరయడుగును బట్టియే నడచుచున్నవి. చేసినవాని చేతిలో లేనిదానికి చేసినవానిని దూషించుట న్యాయమా?

ఇచ్చట నేను తొందరపడి తీర్పు చెప్పినచో నేను నిందించు ప్రేక్షకునివంటివాడనే యగుదును. రెండు సందర్భములును అచ్చుగ్రుద్దినట్లు ఒకటి కావు. ఆర్బకుల్ అంతకు ముందే వేరు జట్లలో పలుమార్లు మొదటినుండి ఆడినవాడు. డిన్విడీకి 2007లో ఆ యనుభవము సున్న. కావున అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: గ్లెన్ చేయి విరుగుటకు ముందే, గెలుపు నిశ్చయమైన యాటల చివర, రెండవవానిని కొంతసేపైన నిలిపి తరిబీతు చేయవలసినది కాదా? ఇది ఫలమును బట్టి వేసిన ప్రశ్న కాదు. కప్పు గెలిచియున్నను వేయదగినదే. మంచి విమర్శకు నేను చెప్పు గురుతు ఇదియే: జట్టు గెలిచియున్నను ఆ విమర్శను విమర్శకుడు చేసియుండునా? చేసియుండుననిన, వినుడు. లేదనిన, అది విమర్శ కాదు, దుఃఖము. దుఃఖమును ఓదార్పవలెను గాని దానిచేత శిక్షకుని ఉద్యోగమూడదీయరాదు.

ఫలమును బట్టి నిందించుటవలన గలుగు కీడు నిందింపబడినవానితో తీరిపోదు. మూడవ యవకాశమును గూర్చి చెప్పితిని గదా. పది గజములలో తొమ్మిది సాగి ఒక్క గజము మిగిలినచో కెనడా శిక్షకులు సామాన్యముగా సాహసింతురు. అక్కడి నియమము ప్రకారము ఎదుటివారు బంతికి గజము దూరముగా నిలువవలసియుండుటచే, ఆ యొక్క గజమును త్రోసికొనిపోవుట కష్టము కాదు. రెండు మూడు గజములు మిగిలినప్పుడే చిక్కు. లెక్కవేసి చూచిన సాహసించుటయే మేలైన సందర్భములు పలుమారు వచ్చును. అయినను శిక్షకుడు బంతిని తన్నించివేయును. ఏలయన, తన్నించివేసి యోడిన "ఆటగాండ్రు ఆడలేకపోయిరి" అందురు. సాహసించి యోడిన "శిక్షకుడు వెఱ్ఱివాడు" అందురు. రెండింటను ఓటమి యొకటే, నింద మాత్రము ఒకదానికే. ఇట్టి చోట బుద్ధిమంతుడు గెలుచు త్రోవను వెదకడు. తిట్లు తప్పించుకొను త్రోవను వెదకును. అట్లు ప్రేక్షకుల నాలుకయే శిక్షకుని పిరికివానిగా జేసి, మరల అతడు పిరికివాడని ఆ నాలుకయే దూషించును.

చదువరులారా, ఇది ఆటస్థలమునకే చెల్లు మాట యనుకొనకుడు. పదునారేండ్ల కూతునకు చదువు మాన్పించి పెండ్లి చేసిన తండ్రి, ఆ పిల్ల అత్తవారింట నలిగిపోయినను, "దాని రాత" అని యూరడింపబడును. కూతును చదివించి, ఆమె కోరినట్లు ఉద్యోగమునకు పంపిన తండ్రి, ఆమె కాపురము చెడినచో, "మేము చెప్పలేదా" అను మాట చచ్చువరకు వినవలెను. పదిమంది నడచిన దారిలో పడినవానిది దురదృష్టము. తానుగా యోచించి నడచి పడినవానిది దోషము. ఈ రెండు తూకపు రాళ్లును మన యిండ్లలో నున్నంతకాలము, తండ్రులెందరో మంచి యెరిగియు మూడవ యవకాశమున బంతిని తన్నివేయుచునే యుందురు.

అట్లయిన ఫలమునకు విలువయే లేదా? శిక్షకుని పెట్టుకొన్నది గెలుచుటకు గాని యోచించుటకు కాదు గదా యని ఆ వృద్ధుని తమ్ముడే నన్నడిగెను. ఈ మాటలో సత్యము కలదు. ఒక్క ఫలము ఏమియు చెప్పదు. పెక్కు ఫలములు కొంత చెప్పును. అయినను ఎన్ని యయిన చాలును? ఓషే 2014లో విన్నిపెగ్ శిక్షకుడయ్యెను. ఆ సంవత్సరము 7 గెలుపులు, 11 ఓటములు. మరుసటి సంవత్సరము 5 గెలుపులు, 13 ఓటములు. 2016లో మొదటి యైదాటలలో నాలుగోడెను. ఫలములనే యెంచువానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? అప్పుడతడు క్వార్టర్ బ్యాకు డ్రూ విల్లీని ప్రక్కకు జరిపి మ్యాట్ నికల్సును నిలిపెను. జట్టు వరుసగా ఏడాటలు గెలిచినది. 2019లో నికల్స్ గాయపడగా, ఆ యొక్క సంవత్సరముననే సస్కాచవాన్‌నుండి టొరాంటోకు, టొరాంటోనుండి విన్నిపెగ్గునకు చేతులు మారి వచ్చిన కొలారోసును నిలిపెను. తలకు తగిలిన దెబ్బలవలన కొలారోస్ పని ముగిసినదని అప్పటికే పలువురు తీర్మానించియుండిరి. 1990 తరువాత కప్పు మొగము చూడని నగరమున కతడే కప్పు తెచ్చెను. 2021లో మరల తెచ్చెను. అటుపిమ్మట 2022, 2023, 2024 మూడు సంవత్సరములును తుదిపోటీకి వచ్చి యోడిరి. వరుసగా తుదిపోటీకి వచ్చుట ఘనతయా, వరుసగా ఓడుట లోపమా? అంకెలవే; చదువువాని మనసును బట్టి యర్థము మారుచున్నది.

ఇంతవరకు నేను ఫలమునకు ప్రతికూలముగనే వాదించితిని. ఇప్పుడు ఫలము పక్షమున సాక్ష్యము చెప్పవలసిన మరియొక చరిత్ర కలదు. అది లేనిచో నా వాదము ఘోరమైన యన్యాయమునకు పనికివచ్చును.

క్వార్టర్ బ్యాకు బుద్ధితో ఆడువాడనియు, నల్లజాతివాడు కాలిబలముతో ఆడువాడనియు అమెరికాలో చిరకాలము ఒక మూఢనమ్మకముండెను. బెర్నీ కస్టిస్ సిరక్యూస్ విశ్వవిద్యాలయపు జట్టులో క్వార్టర్ బ్యాకు. 1951లో క్లీవ్లాండ్ జట్టు అతనిని ఎన్నుకొని, వేరొక స్థానమున ఆడుమన్నది. అతడు సమ్మతింపక కెనడాకు పోయి హామిల్టన్ జట్టునకు క్వార్టర్ బ్యాకయ్యెను. కెనడా దేవలోకమనుకొనరాదు, మరుసటి సంవత్సరమే అక్కడను అతనిని ఆ స్థానమునుండి మార్చి పరుగెత్తువానిగా జేసిరి. ఆట మానిన పిమ్మట అతడు ఉపాధ్యాయుడై పిల్లలకు చదువు చెప్పెను. నేడు హామిల్టనులో నొక యున్నత పాఠశాలకు అతని పేరు కలదు. చక్ ఈలీ టొలీడో విశ్వవిద్యాలయమున మూడేండ్లు క్వార్టర్ బ్యాకుగా నుండి 35 ఆటలాడి 35ను గెలిచెను. 1972లో అమెరికా జట్లలో నొక్కటియు అతనిని ఎన్నుకొనలేదు. అతడు హామిల్టనునకు వచ్చి, వచ్చిన సంవత్సరమే గ్రే కప్పు గెలిచి, ఆ పోటీకి ఉత్తమ క్రీడాకారుడయ్యెను. వారెన్ మూన్ 1978లో ఎడ్మంటనుకు వచ్చెను. ఆ జట్టు 1978 మొదలు 1982 వరకు వరుసగా అయిదు కప్పులు గెలిచినది. 1984లో అమెరికా అతనిని పిలిచికొనిపోయెను. 2006లో అక్కడి కీర్తిమందిరమున చేర్చెను.

35 ఆటలాడి 35 గెలిచినవానిని చూచియు అవకాశమీయనివారు ఫలమును లెక్కింపనివారే గదా! "ఫలము దైవాధీనము, మేము గుణమును చూతుము" అని వారును చెప్పగలరు. గుణమును చూచు కన్ను ముందే మూసికొనిపోయినప్పుడు ఆ మూతను పగులగొట్టగల సుత్తి ఫలమొక్కటే. ఆడుదానికి గణితము రాదన్నవారిని ఓడించినది వాదము కాదు. పరీక్షలో మొదటి తరగతిలో తేరిన బాలికల పేర్ల పట్టిక. కావున ఫలమును త్రోసిపుచ్చు సూత్రమును ఎవరు ఎవరి మీద ప్రయోగించుచున్నారో చూడవలెను. అవకాశము పొందినవాని యొక్క పరాజయమును అది క్షమింపవచ్చును. అవకాశమే పొందనివాని విజయములను అది కప్పిపుచ్చరాదు.

మూన్ కథలో నింకొక ఘట్టము కలదు. 1981 గ్రే కప్పు పోటీలో సగమాట ముగియునప్పటికి ఒటావా జట్టు 20–1తో ముందుండెను. ఎడ్మంటన్ శిక్షకుడు హ్యూ క్యాంబెల్ మూన్‌ను తొలగించి వృద్ధుడైన టామ్ విల్కిన్సనును నిలిపెను; పిమ్మట విల్కిన్సనును తొలగించి మరల మూన్‌నే నిలిపెను. 26–23తో ఎడ్మంటన్ గెలిచినది. తొలగించుటయు, మరల నిలుపుటయు రెండును నేడు శిక్షకుని చాతుర్యముగ చెప్పుకొందురు. 2024లో ఓషే చేసినదియు తొలగినవానిని మరల నిలుపుటయే. అతని పనిని చాతుర్యమని యెవరందురు?

నింద యెంతదూరము పోగలదో తెలియుటకు 2009వ సంవత్సరపు గ్రే కప్పును చెప్పి ఈ విషయము విడిచెదను. ఆ యాట నవంబరు 29వ తేదిన క్యాల్గరీలో జరిగినది. సస్కాచవాన్ 27–25తో ముందున్నది. కాలము ముగిసినది. మాంట్రియల్ ఆటగాడు డేమన్ డ్యువాల్ 43 గజముల దూరమునుండి బంతిని స్తంభముల నడుమకు తన్నబోయి తప్పెను. సస్కాచవాన్ వారు మైదానమున కురికిరి. అంతలో నిర్ణేత విసరిన జెండా కనబడినది: సస్కాచవాన్ పక్షమున పండ్రెండుగురికి బదులు పదముగ్గురు నిలిచియుండిరి. పది గజముల శిక్ష పడి, డ్యువాల్ 33 గజములనుండి మరల తన్నెను, ఈసారి తప్పలేదు. 28–27. సస్కాచవాన్ అభిమానులు తమకు తాము ముద్దుగా పెట్టుకొన్న పేరు "పదమూడవ మనిషి" యగుట విధి చేసిన పరిహాసము.

అటుపిమ్మట ఆ రాష్ట్రమున అందరి ప్రశ్నయు నొక్కటే: ఆ పదమూడవవాడెవడు? పేరు చెప్పుడు! పేర్లూహించి చాటినవారు పెక్కుమంది. ఆ పేరు నేనిచ్చట వ్రాయను. నాలుగవ పాదమున 27–11తో ముందున్న జట్టు ఆ యంతరమునంతయు పోగొట్టుకొనుటలో ఎందరి పాలు కలదో యెవరును లెక్కింపలేదు. ఎవరు దిగవలెను, ఎవరు వెలుపల నిలువవలెనని నిర్ణయించి చెప్పవలసినవారి మాట కేకల నడుమ వినబడినదో లేదో విచారించుటకును ఓపిక లేదు. లక్షలమంది దుఃఖమునకు తగిలించుటకొక చిలుకకొయ్య కావలసివచ్చినది. అది మనిషియైనచో మరింత మేలు.

గొడ్డు వచ్చిన వేళ, బిడ్డ వచ్చిన వేళ యని మనవారందురు. కోడలు గడప ద్రొక్కిన నెలలో మామగారు పోయినచో ఆమె పాదము మంచిది కాదందురు. మామగారికి పదేండ్లనుండి గుండెజబ్బున్నట్లు ఇంటిలో నందరకు తెలియును. అయినను కొత్తగా వచ్చినది ఆమె, కనబడునది ఆమె, ఎదురు చెప్పలేనిదియు ఆమె. క్యాల్గరీ మైదానమున కడపట దిగిన యాటగానికిని, కడపట వచ్చిన కోడలికిని నాకు పెద్ద భేదము కనబడలేదు. కడపట నున్నదానిని కారణమనుకొనుట చదువు లేనివారి దోషమందురు గాని, ఆ రాష్ట్రమున బడి చూడనివారు అరుదు.

విన్నిపెగ్గులో ఆ రాత్రి మేము ఇంటికి వచ్చునప్పటికి ప్రొద్దుపోయినది. మరునాటి యుదయము ఆ వృద్ధుడు వాకిట పారతో మంచు త్రోయుచుండెను. నన్ను చూచి పని యాపి, "మీరు ఈ యాటకు క్రొత్తవారు, మా యూరివారు కారు, కావున నిష్పక్షపాతముగ చెప్పుడు: మీరే ఓషే స్థానమున నుండినచో ఏమి చేసియుందురు?" అని యడిగెను. రాత్రియంతయు నిదురపట్టక ఇదియే యోచించితినని చెప్పుటకు సిగ్గుపడి, "ఆ వ్రేలిని చూడక చెప్పజాలను" అంటిని. ఆయన పెద్దగా నవ్వి, "మా యావిడ మిమ్మును తన జట్టులో చేర్చుకొన్నది" అనెను. మరల పార యెత్తి రెండు మూడు సారులు మంచును ప్రక్కకు విసరి, నిలిచి, నా వంక చూడకయే, "అయినను వానిని మరల దింపకుండవలసినది" అని గొణుగుకొనెను.